పట్టాల పక్క కాలిబాట



ఈ వారం ఎపిసోడ్ విన్నవాళ్లలో కొందరు "మధ్యలో మీ గొంతు ఎందుకు ఆగిపోయింది" అని మెసేజ్ పెట్టారు. మైకు ముందు చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. నేను పెద్ద చదువులు చదివినవాణ్ణి కాదు. శ్రీకాకుళం జిల్లా వాణ్ణి, ఐటీఐ ఫిట్టర్. తొమ్మిదేళ్లు గల్ఫ్‌లో చేసి, మా ఆవిడ నర్సు ఉద్యోగం పుణ్యమా అని అమెరికా వచ్చాను. ఇప్పుడు టెక్సాస్‌లో, హ్యూస్టన్ దగ్గర కన్‌స్ట్రక్షన్ సూపర్‌వైజర్ని. తప్పులుంటే సర్దుకోండి.

కొన్నేళ్ల కిందట మా సైటుకి, టాకోలు అమ్మే బండికి మధ్యలో రైలు పట్టాలు ఉండేవి. గూడ్సు బండ్లు మాత్రమే పోయే లైను. రోడ్డు మీదుగా చుట్టూ తిరిగితే 25 నిమిషాలు. పట్టాలు దాటి పోతే 5 నిమిషాలు. మధ్యాహ్నం భోజనానికి మాకున్నదే అరగంట. గడ్డిలో అడుగులు పడి పడి అక్కడ ఒక కాలిబాట ఏర్పడింది. మేము వేసింది కాదు, మా కంటే ముందు ఎవరెవరో నడిచి నడిచి వేసినది.

హోండురాస్ నుంచి వచ్చిన ఒక కుర్రాడు కొత్తగా చేరాడు. నన్ను "హెఫే" అని పిలిచేవాడు, అంటే వాళ్ల భాషలో మేస్త్రీ, పెద్దాయన అని. మొదటి వారంలోనే అతనికి ఆ దారి చూపించింది నేనే. "ఇటు పో, తొందరగా వస్తావు" అన్నాను. రెండు నెలల తర్వాత ఒకరోజు పొడవైన గూడ్సు బండి వచ్చి సరిగ్గా ఆ బాట మీదే ఆగింది. పది నిమిషాలైనా కదల్లేదు. తిండి పొట్లం చేత్తో పట్టుకుని రెండు పెట్టెల మధ్య కపులింగ్ మీదుగా ఎక్కి ఇటు దిగబోయాడు. బండి కదిలింది. ఎడమ పాదం పోయింది.

ఆసుపత్రి నుంచి వచ్చాక వాళ్ల అన్న ఒక కాగితం తెచ్చి చదివి పెట్టమన్నాడు. రిపోర్టులో అతని పేరు పక్కన ఒక మాట ఉంది: ట్రెస్‌పాసర్. అంటే ఇతరుల స్థలంలోకి అనుమతి లేకుండా చొరబడ్డవాడు. ఆ మాట చూసి నాకు నోట మాట రాలేదు. పదుల మంది రోజూ నడిచే బాటలో నడిచినవాడు చొరబడ్డవాడు ఎలా అయ్యాడు? అయితే, దారి చూపించిన నేను ఎవర్ని? అప్పటి నుంచి ఖాళీ దొరికినప్పుడల్లా ఈ దేశంలో రైళ్లకీ, నడిచే మనుషులకీ మధ్య ఏం జరిగిందో చదువుతూ వచ్చాను. ఇది ఆ చదివిన ముక్కలే.

మొదట వీధిలోకి వచ్చింది రైలే

న్యూయార్క్ చూడ్డానికి వెళ్లిన మనవాళ్లందరూ హై లైన్ పార్కులో ఫోటో దిగుతారు. మేడల మధ్య, నేలకి మూడో అంతస్తు ఎత్తున, పాత రైలు వంతెన మీద చెట్లు పెంచి కట్టిన పార్కు. 2009లో మొదటి భాగం తెరిచారు. ఆ వంతెన ఎందుకు కట్టారో తెలిస్తే ఫోటోలో నవ్వడం కొంచెం కష్టం.

1840ల చివర్లో హడ్సన్ రివర్ రైల్‌రోడ్ అనే కంపెనీ మన్‌హట్టన్ పడమటి వైపు పట్టాలు వేసింది. గట్టు కట్టి, కంచె వేసి కాదు. సరాసరి వీధిలోనే, టెన్త్ అవెన్యూ, ఎలెవెన్త్ అవెన్యూల మీద. పిల్లలు ఆడుకునే చోట, కూరగాయల బండ్లు తిరిగే చోట, కూలి జనం ఇరుకిరుకు ఇళ్లలో ఉండే చోట. పాలు, మాంసం, సరుకులు మోసే రైళ్లు రోజూ అదే వీధిలో నడిచేవి. జనం ఆ వీధికి పెట్టిన పేరు డెత్ అవెన్యూ. మన మాటల్లో చావు వీధి.

చావులు ఎక్కువయ్యేసరికి నగరం ఒక నియమం పెట్టింది. రైలు ముందు గుర్రం మీద ఒక మనిషి వెళ్లాలి. పగలు ఎర్ర జెండా, రాత్రి లాంతరు ఊపుతూ "తప్పుకోండి, తప్పుకోండి" అని హెచ్చరించాలి. వాళ్లకి వెస్ట్ సైడ్ కౌబాయ్స్ అని పేరు. కౌబాయ్ అంటే టెక్సాస్ ఎడారిలో ఉండేవాడే అనుకుంటాం కదా, న్యూయార్క్ నడివీధిలో ఇంజన్ ముందు కూడా ఉన్నాడు.

అయినా చావులు ఆగలేదు. 1908లో బయటికి వచ్చిన ఒక లెక్క ప్రకారం, 1852 నుంచి అప్పటిదాకా ఆ పట్టాల మీద 436 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది పిల్లలు. అదే ఏడాది ఏడేళ్ల బాబు ఒకడు బండి కింద పడి పోతే, సుమారు 500 మంది పిల్లలు ఆ వీధుల్లో నడిచి నిరసన తెలిపారు. ఆ పిల్లల్ని ఎవరూ చొరబడ్డవాళ్లు అనలేకపోయారు. ఎందుకంటే వీధి వాళ్లదే. చొరబడింది రైలు.

ఆ తర్వాత కూడా ఇరవై ఏళ్లు పట్టింది. 1929లో నగరం, రాష్ట్రం, రైలు కంపెనీ కలిసి ఒప్పందానికి వచ్చాయి. రైలుని వీధి నుంచి పైకి ఎత్తారు. 105 చోట్ల వీధిని దాటే పట్టాలు తీసేశారు. 1934లో పై లైను మీద బండ్లు మొదలయ్యాయి. గుర్రం మీది ఆఖరి మనిషి 1941లో చివరిసారి స్వారీ చేశాడు. ఆ పై లైనే ఇవాళ్టి హై లైన్.

ఒక మేస్త్రీగా నాకు ఇందులో కనిపించింది ఇది. దాదాపు తొంభై ఏళ్ల పాటు జెండా, లాంతరు, గుర్రం, "జాగ్రత్త" అన్న మాట, ఇవన్నీ వాడి చూశారు. చివరికి ప్రాణాలు కాపాడింది మాత్రం ఇనుము, కాంక్రీటు. రైలు ఒక ఎత్తులో, మనిషి పాదం ఒక ఎత్తులో. సైటులో కూడా అంతే కదా, పడిపోకుండా చూసేది "జాగ్రత్త" అని రాసిన బోర్డు కాదు, రెయిలింగు.

పని వెతుక్కుంటూ పట్టాల వెంట

న్యూయార్క్‌కి వీధి అనే హక్కు ఉంది. ఊరి బయట పట్టాలు మాత్రం కంపెనీ సొంత భూమిలో ఉండేవి. ఇక్కడ మన దేశానికీ అమెరికాకీ తేడా గమనించాలి. మన దగ్గర రైలు అంటే సర్కారుది. ఇక్కడ సరుకు రైళ్ల పట్టాలు దాదాపుగా ప్రైవేటు కంపెనీల ఆస్తి. అందులో అడుగు పెడితే ఒకరి పెరట్లో అడుగు పెట్టినట్టే.

కానీ పని వెతుక్కునేవాడికి పెరడు, వీధి అనే తేడా తెలియదు. గోధుమ కోతలకి, అడవుల్లో కలప పనికి, కొత్త లైన్ల పనికి వేల మంది ఊరూరా తిరిగేవాళ్లు. టికెట్టుకి డబ్బు లేక గూడ్సు బండ్లు ఎక్కేవాళ్లు, లేదా పట్టాల వెంట నడిచేవాళ్లు. హోబో అని పేరు వాళ్లకి. 1901 నుంచి 1905 వరకు ఐదేళ్లలో రైళ్ల వల్ల ట్రెస్‌పాసర్లుగా లెక్కపడి చనిపోయినవాళ్లు దాదాపు 24,000 మంది. గాయపడినవాళ్లు దాదాపు 25,000. ఇది సర్కారుకి కంపెనీలు ఇచ్చిన లెక్కే. ఐదేళ్లలో ఒక పట్టణం జనాభా అంత.

గాయపడినవాళ్ల లెక్క దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. రైలు తగిలి బతికినవాడంటే ఎక్కువగా కాలో చెయ్యో పోయినవాడు. పని కోసం ఇల్లు వదిలినవాడికి ఆ రెండూ పోతే ఇక ఏం మిగులుతుంది చెప్పండి.

టాంప్కిన్స్ కుడి చెయ్యి

ఇప్పుడు అసలు కథ. అమెరికాలో వకీలు చదువు చదివే ప్రతి ఒక్కరూ మొదటి ఏడాదిలోనే చదివే కేసు. వాళ్లు దాన్ని రాజ్యాంగం పాఠంగా చదువుతారు. నాకది పట్టాల పక్కన నడిచి ఇంటికి పోతున్న ఒక మనిషి కథ.

పెన్సిల్వేనియాలో బొగ్గు గనుల ప్రాంతం, హ్యూస్‌టౌన్ అనే చిన్న ఊరు. 1934 జూలై 27, తెల్లవారకముందే. పెద్ద మాంద్యం రోజులు. హ్యారీ టాంప్కిన్స్ అనే 27 ఏళ్ల మనిషి ఈరీ రైల్‌రోడ్ పట్టాల పక్కన ఉన్న కాలిబాట మీద ఇంటికి నడుస్తున్నాడు. ఊరి జనం ఏళ్ల తరబడి నడిచిన బాట అది, మా సైటు పక్క బాట లాంటిదే. ఎదురుగా గూడ్సు బండి వచ్చింది. దాని నుంచి బయటికి పొడుచుకు వచ్చిన తలుపు లాంటిదేదో అతనికి తగిలింది. పడ్డాడు. కుడి చెయ్యి చక్రాల కింద తెగిపోయింది.

అతను కోర్టుకి వెళ్లాడు. తన వాదన సూటిగానే ఉంది. అందరూ నడిచే బాట అని కంపెనీకి తెలుసు, తలుపు మూసి బండి నడపాల్సిన బాధ్యత కంపెనీదే.

కంపెనీ జవాబు కూడా అంతే సూటిగా ఉంది. పెన్సిల్వేనియా చట్టం ప్రకారం, జనం అలవాటుగా పట్టాలను అడ్డంగా దాటే చోటు ఉంటే, అక్కడ దాటేవాడి విషయంలో కంపెనీ జాగ్రత్తగా ఉండాలి. పట్టాల వెంబడి నడిచేవాడు మాత్రం ట్రెస్‌పాసర్. కావాలని హాని చెయ్యకుండా ఉంటే చాలు, అంతకుమించి కంపెనీకి బాధ్యత లేదు. అంటే అదే మనిషి, అదే పట్టా, అదే రైలు. అడ్డంగా నడిస్తే ఒక లెక్క, పొడుగునా నడిస్తే ఇంకో లెక్క.

టాంప్కిన్స్ వకీళ్లు తెలివిగా ఒక పని చేశారు. కంపెనీ న్యూయార్క్‌లో రిజిస్టర్ అయింది కాబట్టి న్యూయార్క్‌లోని ఫెడరల్ కోర్టులో కేసు వేశారు. అప్పట్లో 1842 నాటి ఒక తీర్పు ప్రకారం, ఇలాంటి కేసుల్లో ఫెడరల్ కోర్టులు రాష్ట్ర కోర్టుల తీర్పులను పాటించనక్కర్లేదు, తమకు న్యాయమనిపించిన సాధారణ సూత్రాలు వాడుకోవచ్చు. ఆ దారిలో టాంప్కిన్స్ గెలిచాడు. జ్యూరీ 30,000 డాలర్లు ఇమ్మంది. ఆ రోజుల్లో అది బతుకు మారిపోయేంత డబ్బు. పై కోర్టు కూడా సరే అంది.

కంపెనీ సుప్రీంకోర్టుకి వెళ్లింది. 1938 ఏప్రిల్ 25న జస్టిస్ బ్రాండైస్ తీర్పు రాశాడు. 96 ఏళ్లుగా నడుస్తున్న పద్ధతే తప్పు అన్నాడు. ఫెడరల్ కోర్టులు తమకంటూ వేరే సాధారణ చట్టం తయారు చేసుకోకూడదు, ఆ రాష్ట్ర చట్టాన్నే పాటించాలి అన్నాడు. దేశానికి అది గొప్ప తీర్పు, అందుకే ఇప్పటికీ చదువుతారు. టాంప్కిన్స్‌కి మాత్రం కేసు వెనక్కి వెళ్లింది, పెన్సిల్వేనియా చట్టం పట్టుకుంది, 30,000 డాలర్లు పోయాయి. చెయ్యి పోయింది, డబ్బు రాలేదు.

దీన్ని నేను రెండు మూడు సార్లు చదివాను. అందులో చెడ్డవాడు ఎవరా అని వెతికాను. జడ్జి చెడ్డవాడు కాదు, ఆయన చెప్పింది సబబే అని చాలామంది అంటారు. కానీ ఒక సంగతి తెలిసింది. "అందరూ నడుస్తారు" అనేది మనకి ధైర్యం ఇస్తుంది, కాగితం మీద మాత్రం దానికి విలువ లేకపోవచ్చు. బాట ఉంది అంటే అనుమతి ఉందని కాదు. హోండురాస్ కుర్రాడి రిపోర్టులో నేను చూసిన ఆ ఒక్క మాటకి వెనక ఇంత చరిత్ర ఉంది.

గేటు దగ్గర తగ్గాయి, బాట దగ్గర తగ్గలేదు

1970ల మొదట్లో అమెరికాలో రైలు గేట్ల దగ్గర వాహనాలు రైళ్లకు గుద్దుకునే ఘటనలు ఏటా సుమారు 12,000 ఉండేవి. 1972లో ఐడహో రాష్ట్రంలో ఆపరేషన్ లైఫ్‌సేవర్ అనే ప్రచారం మొదలైంది. ఆ ఏడాదే అక్కడ గేట్ల దగ్గర చావులు 43 శాతం తగ్గాయి. ఆపైన దేశమంతా పాకింది. గేట్లు, దీపాలు, గంటలు పెట్టారు, అనవసరమైన క్రాసింగులు మూశారు. ఇప్పుడా సంఖ్య ఏటా 2,000 చిల్లరకి వచ్చింది. ఇది మెచ్చుకోవాల్సిన సంగతే.

కానీ ఆ బాగుపడటం కారులో ఉన్నవాడికి ఎక్కువ, నడిచేవాడికి తక్కువ. 1997 నుంచి ప్రతి ఏడూ క్రాసింగుల దగ్గర వాహనాల్లో పోయేవాళ్ల కంటే, పట్టాల మీద నడుస్తూ ట్రెస్‌పాసర్లుగా లెక్కపడి పోయేవాళ్లే ఎక్కువ. ఈమధ్య ఏడాదికి 500 మందికి పైగానే. ఫ్లోరిడాలో 2018లో మొదలైన బ్రైట్‌లైన్ అనే వేగం రైలు కింద ఇప్పటికి వంద మందికి పైగా పోయారు. ఇళ్ల మధ్య నుంచి, నేల మీద నుంచి పోయే లైను అది. వంద ఏళ్ల కిందటి టెన్త్ అవెన్యూ గుర్తొస్తుంది.

ఒక చిన్న వివరం చెబుతాను, గుర్తు పెట్టుకోండి. 2005 నుంచి ఉన్న ఫెడరల్ నియమం ప్రకారం, రోడ్డు దాటే క్రాసింగుకి 15 నుంచి 20 సెకన్ల ముందు రైలు హారన్ కొట్టాలి. రెండు పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. ఇళ్ల దగ్గర గోల అని జనం అడిగితే కొన్ని చోట్ల ఆ హారన్ కూడా మానిపించుకోవచ్చు, వాటిని క్వయట్ జోన్లు అంటారు. ఇక మన గడ్డి బాట దగ్గర? అది క్రాసింగే కాదు. అక్కడ గేటు లేదు, దీపం లేదు, గంట లేదు, హారన్ కొట్టాలన్న నియమం కూడా లేదు. ఆ బాట రైలు వాడి మ్యాపులో లేదు.

ఆగిన రైలు

మా కుర్రాడికి తగిలింది పరిగెడుతున్న రైలు కాదు, ఆగి ఉన్న రైలు. ఇది అతనొక్కడి కథ కాదు. ఇండియానా రాష్ట్రంలో హామండ్ అనే ఊళ్లో, బడికి వెళ్లే పిల్లలు ఆగిన గూడ్సు బండ్ల కింద నుంచి, పెట్టెల మధ్య నుంచి పాకి దాటుతున్న ఫోటోలు 2023లో దేశమంతా చూసింది. బండ్లు పొడవైపోయాయి, మైళ్ల పొడవు. ఒక్కటి ఆగితే ఊరు రెండు ముక్కలు.

రైలు ఇంతసేపు దారి మూసేస్తే అడిగేవాడు లేడా? ఒహాయో రాష్ట్రంలో చట్టం ఉండేది, ఐదు నిమిషాల కంటే ఎక్కువ దారి మూసేస్తే జరిమానా అని. 2022లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టే ఆ చట్టం చెల్లదంది. రైళ్ల సంగతి ఫెడరల్ ప్రభుత్వానిది, రాష్ట్రాలకు అధికారం లేదని. 2024 జనవరిలో అమెరికా సుప్రీంకోర్టు ఆ కేసు తీసుకోవడానికి ఒప్పుకోలేదు. ఫెడరల్ చట్టంలో మాత్రం ఇన్ని నిమిషాలే ఆగాలి అన్న పరిమితి లేదు.

టాంప్కిన్స్‌ని తలుచుకోండి. 1938లో రాష్ట్ర చట్టమే చెల్లుతుంది అన్నారు, నడిచేవాడు ఓడిపోయాడు. 2022లో రాష్ట్ర చట్టం చెల్లదు అన్నారు, మళ్లీ నడిచేవాడే నిలబడిపోయాడు. రెండు తీర్పులకీ వాటి కారణాలు వాటికి ఉన్నాయి, అవి నేను కాదనను. నేను చెప్పేది ఒక్కటే. మన పాదాన్ని కాపాడే పని కోర్టు మీద పెట్టుకోకూడదు.

మన వైపు చూస్తే

ఇది అమెరికా కథేనా? మా జిల్లాలోనే చూడండి. 2022 ఏప్రిల్ 11 రాత్రి, శ్రీకాకుళం జిల్లా జి.సిగడాం మండలం బాతువ దగ్గర ఒక ఎక్స్‌ప్రెస్ ఆగింది. జనం దిగి పక్క లైను మీద నిలబడ్డారు. ఆ లైను మీద కోణార్క్ ఎక్స్‌ప్రెస్ వచ్చింది. ఐదుగురు పోయారు. దానికి దాదాపు ఎనిమిదిన్నరేళ్ల ముందు, 2013 నవంబర్ 2న, విజయనగరం దగ్గర గొట్లాంలో నిప్పు అంటుకుందన్న పుకారు విని దిగినవాళ్లని ఎదురుగా వచ్చిన ప్యాసింజర్ గుద్దింది. కనీసం 8 మంది పోయారు. రెండు చోట్లా చంపింది వాళ్లు చూస్తున్న రైలు కాదు, చూడని రెండో రైలు.

2014 జూలైలో మెదక్ జిల్లా మాసాయిపేటలో స్కూలు బస్సుని రైలు గుద్దినప్పుడు మనమందరం ఏడ్చాం. ఆ తర్వాత 2019 జనవరికల్లా బ్రాడ్‌గేజ్ లైన్ల మీద కాపలా లేని గేట్లు లేకుండా చేశారు. ఇక్కడ లాగే అక్కడా గేటు బాగుపడింది. బాట మాత్రం అలాగే ఉంది. పట్టాల మీదికి పోతే రైల్వే చట్టం సెక్షన్ 147 కింద ఆరు నెలల జైలు గానీ, వెయ్యి రూపాయల జరిమానా గానీ అని స్టేషన్లలో రాసి ఉంటుంది. ఆ బోర్డు చదువుతూనే పట్టాలు దాటుతాం మనం. నేనూ దాటాను. చిన్నప్పుడు బడికి అలాగే పోయేవాణ్ణి.

2020 మే 8 మరిచిపోయారా? లాక్‌డౌన్‌లో మహారాష్ట్ర ఔరంగాబాద్ దగ్గర, పనులు పోయి మధ్యప్రదేశ్‌లోని ఇళ్లకి నడిచిపోతున్న కూలీలు అలిసిపోయి పట్టాల మీద పడుకున్నారు. రైళ్లు నడవడం లేదనుకున్నారు. గూడ్సు బండి వచ్చింది. 16 మంది పోయారు. ఇక్కడ దక్షిణ టెక్సాస్‌లో కూడా 1990లలో సరిహద్దు దాటి నడిచి వచ్చిన కూలీలు పట్టాల మీద నిద్రపోయి చనిపోయారు. దేశాలు వేరు, భాషలు వేరు. వలసపోయేవాడి కాళ్లు మాత్రం ఒకే దారి పడతాయి. ఎందుకంటే పట్టాలు తిన్నగా ఉంటాయి, దారి తప్పించవు, ఎవరినీ అడగక్కర్లేదు.

కన్ను, చెవి చేసే మోసం

"చూసుకుని దాటుతాం అన్నా, అంత తెలివి లేదా" అంటారు. నేనూ అలాగే అనేవాణ్ణి.

1985లో హెర్షెల్ లీబోవిట్జ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక మాట చెప్పాడు. పెద్ద వస్తువు కదులుతుంటే అది మన కంటికి అసలు వేగం కంటే నెమ్మదిగా కనిపిస్తుంది. ఎయిర్‌పోర్టులో పెద్ద విమానం గాలిలో తేలుతున్నట్టు దిగుతుంది కదా, అలాగే. రైలు దూరంలో ఉంది అనుకుంటాం, అది దగ్గరికి వచ్చేసి ఉంటుంది.

చెవి సంగతి ఇంకో కథ. ఇప్పటి పట్టాలు అతుకు లేకుండా వెల్డింగ్ చేసినవి, పాత చక్ చక్ శబ్దం లేదు. 2004 నుంచి 2011 వరకు అమెరికాలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని నడుస్తూ వాహనం తగిలినవాళ్ల కేసులు 116 పోగు చేసి చూశారు. సగానికి పైగా కేసుల్లో తగిలింది రైలే. మీలో చాలామంది ఈ ఎపిసోడ్‌ని డ్యూటీ నుంచి నడిచి వస్తూ ఇయర్‌ఫోన్లలోనే వింటారని నాకు తెలుసు. పట్టాల దగ్గరికి వస్తే మమ్మల్ని ఆపెయ్యండి. మేము ఎక్కడికీ పోము, ఇంటికెళ్లాక వినండి.

బ్రేకు సంగతి. గంటకి 55 మైళ్ల వేగంతో వచ్చే వంద పెట్టెల గూడ్సు బండి ఆగడానికి ఒక మైలు, అంతకంటే ఎక్కువ దూరం కావాలి. డ్రైవరు నిన్ను చూసే సమయానికే ఆలస్యం అయిపోయింది. ఆయన చెయ్యగలిగింది హారన్ కొట్టడం, ఆ తర్వాత జీవితమంతా దాన్ని మోయడం. పెట్టెలు పట్టా కంటే వెడల్పుగా ఉంటాయి, రెండు వైపులా మూడేసి అడుగులు బయటికి వస్తాయి. టాంప్కిన్స్‌కి తగిలింది అలా బయటికి వచ్చిందే.

ఇప్పుడు నా పని భాషలో చెబుతాను. 1997లో అమలులోకి వచ్చిన నియమం ప్రకారం, ఇక్కడ లైను పని చేసే రైలు కూలీ పట్టాకి నాలుగు అడుగుల లోపలికి పోవాలంటే ముందు రక్షణ ఏర్పాటు ఉండాలి. కాపలా మనిషి ఉంటే, రైలు రావడానికి కనీసం 15 సెకన్ల ముందే పక్కకి వచ్చి నిలబడి ఉండాలి. యార్డులో మెకానిక్ పెట్టెల మధ్యకి పోవాలంటే ముందు నీలం జెండా పెట్టాలి. ఆ జెండా ఉన్నంతసేపు బండిని ఎవరూ కదపకూడదు. మన కరెంటు పనిలో తాళం వేసి ట్యాగు కట్టడం లాంటిదే. ఏళ్ల తరబడి అదే పని చేసేవాడు, హెల్మెట్టు పెట్టుకుని, జెండా పెట్టి, కాపలా మనిషితో పోయే చోటికి, నేను ఒక కొత్త కుర్రాణ్ణి తిండి పొట్లంతో పంపించాను.

ఆగిన బండి కదిలేటప్పుడు ఒక్కసారిగా కదలదు. కపులింగుల్లో వదులు ఉంటుంది. ఇంజన్ లాగగానే ఆ వదులు పెట్టె పెట్టెకీ పాకుతూ వస్తుంది, ఢాం ఢాం అని. మైలు దూరంలో ఇంజన్ కదిలిందని ఇక్కడున్నవాడికి తెలిసేది కాళ్ల కింద ఇనుము ఎగిరినప్పుడే.

మనం చెయ్యగలిగింది

పెద్ద ఉపదేశం చెప్పను. నాలుగు మాటలు.

గేటున్న చోటే, వంతెన ఉన్న చోటే దాటండి. ఒక రైలు పోయాక రెండు వైపులా కనిపించేదాకా ఆగండి, బాతువనీ గొట్లాంనీ తలుచుకోండి. ఆగిన రైలు మధ్య నుంచి, కింద నుంచి ఎంత ఆకలైనా పోవద్దు. అమెరికాలో ప్రతి రైలు క్రాసింగు దగ్గర చిన్న నీలం బోర్డు ఉంటుంది, దాని మీద ఫోన్ నంబరు, ఆ క్రాసింగు నంబరు ఉంటాయి. బండి పట్టాల మీద ఇరుక్కున్నా, ఎవరైనా పడి ఉన్నా ముందు ఆ నంబరుకి చెయ్యండి, తర్వాత 911కి. ఆ నంబరు రైళ్లని ఆపగలిగేవాళ్ల దగ్గరికి వెళుతుంది.

పరాయి దేశంలో ఒంటరితనం మనిషిని ఎక్కడికో తీసుకుపోతుంది, అది నాకు తెలుసు. మనసు బాగా లేకపోతే అమెరికాలో 988కి ఫోన్ చెయ్యండి, రాత్రయినా పగలైనా ఎత్తుతారు. లేదా మాలో ఎవరికైనా చెయ్యండి.

మేస్త్రీలకి, ఫోర్‌మెన్‌లకి, క్యాంపు బాస్‌లకి ఒక మాట. కొత్తవాడు మొదటి రోజు నీళ్లెక్కడ, బాత్‌రూమ్ ఎక్కడ, తిండి ఎక్కడ అని అడిగేది మనల్నే. మనం చూపించిన దారే అతని దారి. ఇది గల్ఫ్‌లో హైవే దాటే దగ్గరైనా, సింగపూర్‌లో లారీ దిగే దగ్గరైనా అంతే. న్యూయార్క్‌కి రైలుని పైకి ఎత్తడానికి దాదాపు తొంభై ఏళ్లు పట్టింది. మనకి భోజనం విరామం పదిహేను నిమిషాలు పెంచమని పైవాళ్లని అడగడానికి ఒక్క పూట చాలు. ఆ ప్రమాదం తర్వాత నేను చేసింది అదే. ఇప్పుడు నా సైటులో భోజనానికి ముప్పావుగంట. టాకోల బండివాడితో మాట్లాడితే వాడే గేటు దగ్గరికి వచ్చి నిలబెడుతున్నాడు. ఇంత చిన్న పని ముందే చేసి ఉండవచ్చు కదా అని రాత్రుళ్లు అనిపిస్తుంది.

ఆ కుర్రాడు ఇప్పుడు కృత్రిమ పాదంతో నడుస్తాడు, ఒక గోదాములో లెక్కలు రాసే పనిలో ఉన్నాడు. క్రిస్మస్‌కి ఫోన్ చేస్తాడు, ఇంకా "హెఫే" అనే పిలుస్తాడు. నా మీద కోపం లేదంటాడు. ఎపిసోడ్‌లో నా గొంతు ఆగింది ఆ మాట దగ్గరే.

గడ్డిలో ఆ కాలిబాట ఇంకా ఉంది. మొన్న అటుగా వెళితే చూశాను. ఎవరో ఇంకా నడుస్తున్నారు.

ఉంటాను. జాగ్రత్తగా ఇంటికి చేరండి.